తేనెగుండు కొండకు వేస్ట్ బ్యాగు

మా పక్కింటి గంగులమ్మ వదిన చెప్పింది. ఆమెకు పాలకేంద్రం దగ్గర ఎవరో చెప్పారట. ఆ ఎవరికో ఎవరు చెప్పారని మాత్రం వదిన అడగలేదు. అడిగితే మాట చల్లారిపోతుందని ఆమె భయం. సంగతేమంటే, ఇకమీద తేనెగుండు కొండెక్కాలంటే మనిషన్నవాడు నడుముకు చెత్తసంచి కట్టుకోవాలట.

"దేనికంట?" అన్నాను.

"ఎవురో పెద్దాఫీసరుకు కొండమింద గాలి సోకిందంట. పరిహారం చెప్పినారంట. నువ్వు బీయే సదివినావు గదా మరిదీ, నీకు తెలీదా?"

"బీయేలో చెత్తసంచి లేదు వదినా."

"ఇంగేం సదివినట్టు!" అని చాట దులుపుకుని లోపలికి పోయింది.

గంగులమ్మ వదిన చెప్పేవాటిలో సగం పుట్టుకతోనే అబద్ధాలు. మిగతా సగం నిజాలుగానే పుట్టి ఆమె నోట్లో పడ్డాక చెడిపోతాయి. అందుకని నేను పట్టించుకోలేదు. మర్నాడు కొండ కింద బోర్డు పాతాక గానీ, ఆమె ఈసారి ఉన్నది ఉన్నట్టే చెప్పిందని తెలియలేదు.

మా ఊరు గుట్టకిందపల్లె. పేరులోనే ఉంది, కొండ మాకు పైకప్పులాంటిది. పుల్లలకు, చింతకాయలకు, తప్పిపోయిన పశువులకు మేము కొండెక్కుతాం. పట్నం వాళ్ళు దిగడానికి ఎక్కుతారు. ఎక్కినవాళ్ళు దిగి, దిగినట్టు ఫోటోలు చూపించుకుని, వారం తిరక్కుండా మళ్ళీ వస్తారు. ఈ జబ్బు బాగా ముదిరాక పర్వత విహార ప్రోత్సాహక శాఖ అని ఒకటి పుట్టి మా కొండ చుట్టూ ముళ్ళకంచె వేసింది. పాత దారులన్నీ మూసి, ఒకే ఒక్క గేటు పెట్టింది. గేటు పక్కన 'చిరుత సంచరించు ప్రాంతము, ఆనందించండి' అని రాసింది.

అంతా బాగానే నడుస్తుండగా ఒక పట్నపాయన ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో నీళ్ళ సీసా పట్టుకుని దిగుతూ జారి బ్రహ్మజెముడు పొదమీద కూర్చున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆయన ఆఫీసులో నిలబడే పనిచేశాడని విన్నాం. మామూలు మనిషైతే ముళ్ళు తీయించుకుని ఊరుకునేవాడు. ఆయన ఎవరికో బావమరిది. అందుకని రాజధానిలో ఒక ఉత్తర్వు పుట్టింది. చేతులు ఖాళీగా ఉండాలి, సామానంతా నడుముకు కట్టుకునే చిన్న సంచిలో ఉండాలి అని దాని భావం. ఇంగ్లీషులో పుట్టిన ఆ ఉత్తర్వు జిల్లాలో తెలుగు వేషం వేసుకుని మా బోర్డు మీదికి ఇలా దిగింది:

'కొండనధిరోహించు విహారులు, యాత్రికులు, తదితరులు తమ హస్తద్వయమును ఖాళీగా నుంచుకొను నిమిత్తము శాఖచే ఎంపిక గావింపబడిన వేస్ట్ బ్యాగును విధిగా ధరించవలెను.'

చిక్కంతా అక్కడుంది. ఇంగ్లీషువాడికి నడుముకొక స్పెల్లింగు, చెత్తకొక స్పెల్లింగు ఉన్నాయి. తెలుగులో రాసేసరికి రెండూ 'వేస్ట్' అయి కూర్చున్నాయి. విహార శాఖ సూపరింటెండెంటు కోదండపాణి గారు దాన్ని నడుము అని చదువుకున్నారు. ఉత్తర్వు నకలు పారిశుద్ధ్య విభాగానికి కూడా పోయింది. అక్కడి పర్యవేక్షకుడు జ్ఞానప్రకాశం గారు చెత్త అని చదువుకున్నారు. ఇద్దరూ ఒకే రోజు, ఒకే గేటుకు, రెండు కుర్చీలతో వచ్చారు.

"ఇది నడుము సంచి. ఆరోహకుని భద్రతకు సంబంధించినది," అన్నారు కోదండపాణి గారు.

"ఇది చెత్త సంచి. కొండ పరిశుభ్రతకు సంబంధించినది. లేకపోతే నకలు మాకెందుకు పంపుతారు?" అన్నారు జ్ఞానప్రకాశం గారు.

పైవాళ్ళను అడిగితే తేలిపోతుంది కదా సార్ అన్నాన్నేను. ఇద్దరూ నావైపు జాలిగా చూశారు. పైవాళ్ళను అడిగితే ఉత్తర్వు అర్థం కాలేదని ఒప్పుకున్నట్టట. అర్థం కాని ఉత్తర్వును అమలు చేయడానికి ఏ నిబంధనా అడ్డు రాదు గానీ, అర్థం కాలేదని చెప్పడానికి మాత్రం ఏ నిబంధనా ఒప్పుకోదట.

గుంపులోంచి ఒకాయన, "వేస్టు సంచి అంటే పనికిరాని సంచి కాదా సామీ?" అన్నాడు.

"ప్రభుత్వం ఏ వస్తువునూ ముందుగా పనికిరానిదని నిర్ణయించదు. అది వినియోగంలో తేలవలసిన విషయం," అన్నారు కోదండపాణి గారు.

సంచి ఎంపికకు సంయుక్త ఉపసంఘం ఏర్పడింది. స్థానిక విద్యావంతుల ప్రతినిధిగా నన్ను వేశారు. ఊళ్ళో ఇంకో డిగ్రీ ఉంది గానీ, అది ఆ రోజు పెళ్ళికి పోయింది.

బడి వరండాలో బల్లమీద సంచులు పరిచారు. ఒకటి బెల్టంత సన్నంగా, పరుగెత్తేవాళ్ళకట. ఒకటి జిప్పు తీస్తే లోపల ఇంకో జిప్పు, దాన్ని తీస్తే మరొకటి. చివరి జిప్పు తీసేసరికి ఏం పెట్టుకుందామనుకున్నామో మర్చిపోయేలా ఉంది. ఒకటి రెండు పక్కలా సీసాలు పెట్టుకునేది. నిజం చెప్పొద్దూ, అందులో రెండు మూడు నాకు నచ్చాయి. మెత్తటి పట్టీ, నడుముకు తగ్గట్టు బిగించుకునే క్లిప్పు, వానకు తడవని గుడ్డ. ప్రతిదాని మీదా చిన్న చీటీ: రెండు లీటర్లు, మూడు లీటర్లు.

కోదండపాణి గారు ఒకటి చేతికి తీసుకుని, "సామర్థ్యం రెండు లీటర్లని వ్రాసియున్నది," అన్నారు.

"వ్రాసినంత మాత్రాన నమ్మితే ఉపసంఘం దేనికి?" అన్నారు జ్ఞానప్రకాశం గారు.

పాలకేంద్రం నుంచి లీటరు కొలత తెప్పించారు. సంచి మూతి తెరిచి నీళ్ళు పోశారు. ఒక లీటరు పోయకముందే జిప్పు సందుల్లోంచి నీళ్ళు కోదండపాణి గారి ప్యాంటు మీదికి దిగాయి.

"పొట్లాం మీద ఒకటి, లోపల ఒకటి. మోసం," అన్నారాయన తుడుచుకుంటూ.

"సార్, లీటర్లంటే నీళ్ళు కాదు. లోపలి ఖాళీకి లెక్క," అన్నాను.

"మీరు బీయేలో ఏ గ్రూపు?"

"చరిత్ర సార్."

"ఇది భౌతికశాస్త్రానికి సంబంధించినది," అని ఆయన రెండో సంచిలో నీళ్ళు పోయించారు. అదీ కారింది. మూడోది ఇంకా ఘోరం. మంచి సంచులన్నీ వరసగా కారి, తీగమీద ఆరేసిన గుడ్డల్లా బడి గోడమీదికి చేరాయి. చివరికి ఒక్కటే నిలిచింది. ట్యూబు రబ్బరులాంటి నల్లటి మందపాటి దానితో అతికించింది. జిప్పు లేదు, అర లేదు, ఆకారం కూడా లేదు. దాన్ని మొదట దేనికోసం చేశారో చేసినవాడికే తెలియాలి. రెండు లీటర్లు పోస్తే ఒక్క చుక్క కారలేదు. జ్ఞానప్రకాశం గారు చప్పట్లు కొట్టారు.

తర్వాత పట్టీ కొలత. జనాభా నడుము సరాసరి తేల్చాలన్నారు. జనాభా అంటే ఆ వరండాలో ఉన్నవాళ్ళమే. టేపుతో కోదండపాణి గారిని చుట్టారు, జ్ఞానప్రకాశం గారిని చుట్టారు, నన్ను చుట్టారు. నేను సరాసరిని పాడుచేస్తున్నానని నన్ను లెక్కలోంచి తీసేశారు. మిగిలిన ఇద్దరి బొజ్జల సరాసరి రాష్ట్ర ప్రజల నడుమయింది.

"బిగించుకునే క్లిప్పు పెడితే సన్నవాళ్ళకు కూడా సరిపోతుంది సార్," అన్నాను.

"అప్పుడు ఎవరిష్టం వచ్చినట్టు వారు బిగించుకుంటారు. క్రమశిక్షణ ఎక్కడుంటుంది?"

ఇక మిగిలింది అసలు తగువు. సంచిలో సామాను వేయాలా, చెత్త వేయాలా? టీలు అయ్యాయి, బోండాలు అయ్యాయి. సాయంత్రానికి రాజీ కుదిరింది. సంచిని నడుముకు కట్టుకోవాలి కాబట్టి కోదండపాణి గారు నెగ్గారు. అందులో చెత్త మాత్రమే వేయాలి కాబట్టి జ్ఞానప్రకాశం గారు నెగ్గారు. తీర్మానంలో దానికి 'ఉభయార్థ సంచి' అని పేరు పెట్టారు.

"మరి ఫోను, తాళాలు, నీళ్ళ సీసా?" అన్నాను.

"చేతిలో పట్టుకోవచ్చు," అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఆ రోజు వాళ్ళిద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది ఆ ఒక్క విషయంలోనే.

అమలు మొదలైంది. వారం తిరక్కుండానే జ్ఞానప్రకాశం గారు ఒక లోపం కనిపెట్టారు. పట్నం వాళ్ళు ఖాళీ సంచితో దిగుతున్నారు. అంటే ఏమిటి? కొండమీద చెత్త చేసి అక్కడే పారేసి వస్తున్నారన్నమాట.

"మేం చెత్తే చేయలేదండీ," అంది ఒక పట్నం పిల్ల.

"చేయలేదని రుజువేది?"

ఆ పిల్ల దగ్గర రుజువు లేదు. చెత్త చేసి ఉంటే చూపించి ఉండేది. ఆ రోజునుంచి ఖాళీ సంచితో దిగినవాళ్ళను గేటు దగ్గర ఆపేసి, మళ్ళీ పైకెక్కి ఏదో ఒకటి ఏరుకు రమ్మన్నారు. కొండమీద ఏరడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. మా కొండ మొదటినుంచీ శుభ్రమైనదే. అందువల్ల తెలివైనవాళ్ళు ఎక్కేటప్పుడే చెత్త తీసుకుపోవడం మొదలుపెట్టారు. దిగేటప్పుడు అదే చూపిస్తే సరి.

గంగులమ్మ వదిన గేటు పక్కన గంప పెట్టింది. చిప్స్ కవర్లు, టీ కప్పులు, ఎండిన నారింజ తొక్కలు.

"రాండమ్మా రాండి, కొండ చెత్త! తడిదుండాది, పొడిదుండాది!"

"ఇంట్లో ఊడ్చినదేనా వదినా?" అంటే కోప్పడింది.

"మనింటి చెత్త ఎప్పుడో అయిపోయింది మరిదీ. ఇది టౌన్నుంచి తెప్పించినా. మంచి సరుకు."

కొందరు బద్ధకస్తులు పైన కాస్త ఒలకబోసుకుని దిగేవారు. గాలికి కవర్లు ఎగిరి కంపలకు పట్టుకునేవి. ఇప్పుడు కొండమీద నిజంగానే ఏరడానికి దండిగా ఉంది. ఎంత చెత్త దిగితే అంత శుభ్రత అని లెక్క కాబట్టి, తేనెగుండు కొండ రాష్ట్రంలోకెల్లా శుభ్రమైనదిగా పేరు తెచ్చుకుంది. దాన్ని కళ్ళారా చూడడానికి ప్రత్యేకాధికారి గారు వస్తున్నారని కబురొచ్చింది.

ఆయన రావాల్సిన రోజు తెల్లవారగానే ఓబుళమ్మత్త గేటు దగ్గరికి ఉరుకుతూ వచ్చింది.

ఓబుళమ్మత్తకు మొగుడు లేడు, మడి లేదు. ఉన్నది ఒక్క కర్రావు, నల్లటిది. తొలిచూలు. నిండు చూలుతో ఉన్న ఆవు ముందురోజు పొద్దున మేతకని గేటు సందులోంచి కొండెక్కి, రాత్రి ఇంటికి రాలేదు. ఈనడానికి చాటు వెతుక్కుని పైనే పడుకుని ఉంటుంది. చిరుత మాట బోర్డుమీద రాసే ఉంది.

"గేటు తియ్ సామీ. ఆవు పైనుండాది. యా చణాన ఈనుతుందో ఏమో."

కోదండపాణి గారు నిబంధన చూశారు. "అమ్మా, నీవు విహారివా, యాత్రికురాలివా?"

"నేను ఓబుళమ్మను సామీ."

"అయితే తదితరులు. తదితరులు కూడా సంచి ధరించవలెను."

"కట్టు సామీ, ఏదో ఒకటి కట్టు."

నల్లసంచి తెచ్చి ఆమె నడుముకు పెట్టారు. ఓబుళమ్మత్త నడుము రెండు చేతుల్లో ఇమిడిపోతుంది. రాష్ట్ర ప్రజల నడుము ఆమె తుంటి దాటి, మోకాళ్ళు దాటి, పాదాల మీద చుట్టచుట్టుకుని పడింది.

"చేత పట్టుకొని పోతా."

"అది ధరించుట కాదు. వహించుట."

"భుజాన ఏసుకుంటా."

"భుజం నడుము కాదమ్మా. నడుము పరిమాణము లోపించినవారు వైద్యాధికారి నుండి నడుము ధ్రువీకరణ పొందిన పిదప, పట్టీ సవరణకై దరఖాస్తు చేసుకొనవచ్చును."

"అంతలోకి నా ఆవు సస్తాదయ్యా!"

"ఆవు విషయం వచ్చింది గనుక అడుగుచున్నాను. అది సంచి లేకుండా ఎట్లు ఎక్కినది?"

ఆయన హాస్యమాడుతున్నారేమోనని నేను ముఖంలోకి చూశాను. లేదు. ఆయన నిజంగానే ఆవు మీద నివేదిక తయారుచేస్తున్నారు.

పట్టీ చిన్నది చేయడానికి వీల్లేదు, సరే. నడుము పెద్దది చేయకూడదని ఎక్కడైనా ఉందా అని అడిగాను. కోదండపాణి గారు పుస్తకం తిరగేసి, లేదన్నారు. గంగులమ్మ వదిన గంప కింద పరిచిన గోనెపట్టాలు లాగి తెచ్చింది. ఒకటి చుట్టాం, చాల్లేదు. ఇంకోటి చుట్టాం. ఇంటింటికీ పోయి తెచ్చి మీద మీద చుడుతూ పోయాం. ఓబుళమ్మత్త చూస్తుండగానే గాదెలా అయిపోయింది. అప్పటికి పట్టీ సరిపోయింది. ఒక్క సంచి నిలబడడానికి ఊళ్ళో సంచులన్నీ కావలసి వచ్చాయి.

"ఊపిరాడ్తాందా అత్తా?"

"ఊపిరి కొండమింద పీలుస్తాలే. వదులు!"

"దిగునపుడు సంచి ఖాళీగా ఉండరాదు," అని జ్ఞానప్రకాశం గారు వెనకనుంచి కేక వేశారు. ఆమె వినిపించుకోలేదు. గోనెగాదె దొర్లుకుంటూ కొండెక్కిపోయింది. నన్ను వెంట పోనివ్వలేదు. నాకు సరిపడా గోనెలు ఊళ్ళో మిగల్లేదు.

ఎండెక్కింది. షామియానా వేశారు. ప్రత్యేకాధికారి గారు వచ్చారు, నిమ్మరసం తాగారు, దించిన చెత్తకుప్ప ముందు నిలబడి ఫోటో దిగారు.

"శుభ్రతయనునది ఒక ఉద్యమము," అన్నారు. "ఈ కుప్పను చూచుచుంటే నా హృదయము పొంగుచున్నది."

నేను ఆ కుప్ప వైపు చూడలేదు. కొండ వైపే చూస్తున్నాను. ఇన్ని మాటల మధ్య పైనుంచి ఒక్క అరుపు కూడా వినిపించడం లేదు. గంగులమ్మ వదిన కూడా అమ్మకం ఆపేసి దారి చూస్తోంది. ఎన్నడూ లేనిది, ఆమె నోరు మూసుకుని ఉంది. నాకు అది చూసే ఎక్కువ భయమేసింది.

మధ్యాహ్నం దాటాక మలుపులో మనిషి కనపడింది. ఓబుళమ్మత్తే. గాదె లేదు. ఎప్పటి సన్నటి మనిషే. మెడమీద గోనెలో చుట్టిన దూడ. నాలుగు కాళ్ళూ ముందుకు పట్టుకుని ఉంది. ఆమె వెనకే కర్రావు, ఆగి ఆగి నడుస్తూ, అందినప్పుడల్లా దూడ చెవి నాకుతూ వస్తోంది. పట్టీ బిగువు వదిలిన నల్లసంచి ఆమె మోచేతికి వేలాడుతోంది. ఇంకో గోనె మూట భుజానికి కట్టుకుని ఉంది. చీరంతా రక్తం.

"బతికినాయా అత్తా?"

"ఎదురుకాళ్ళొచ్చింది రా. నేను పోయేసరికి సగం బయట, సగం లోపల. లాగి తీసినా. ఇంగొంచేపు ఆలీసమైంటే రెండూ దక్కేవి కావు."

దూడను దించింది. అది నాలుగు కాళ్ళు నాలుగు దిక్కులకు పెట్టి ఊగి, నిలబడి, తల్లి కింద దూరింది. షామియానా కింద ఉన్నవాళ్ళు కూడా కొందరు లేచి నవ్వారు. కోదండపాణి గారు నవ్వలేదు.

"సంచి నడుమున లేదు," అన్నారు.

జ్ఞానప్రకాశం గారు మోచేతినుంచి నల్లసంచి అందుకుని లోపల చెయ్యి పెట్టారు. "ఖాళీ! అయ్యా, ఖాళీ సంచి. తమరి సమక్షంలోనే."

ప్రత్యేకాధికారి గారి ముఖం మాడింది. కుప్ప పక్కన నిలబడి శుభ్రత గురించి మాట్లాడిన నోటితోనే ఖాళీ సంచిని వదలడం ఆయనకూ కష్టమే. "ఆ మూటలో ఏమున్నది?" అన్నారు.

"మాయ సామీ."

మా పక్క ఆవు ఈనితే, కడుపులో దూడను చుట్టుకుని ఉండి వెనకాలే బయటపడే మాయను పారెయ్యరు. కుక్కలకు అందనివ్వరు. గడ్డిలో చుట్టి, పాలుగారే చెట్టుకు ఎత్తుగా కడతారు. అప్పుడు ఆవు బాగా పాలు చేపుతుందని నమ్మకం. నిజమో కాదో గానీ, ఉన్న ఒక్క ఆవు పాలమీద బతకాల్సిన మనిషి ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టదు.

ఆ మాటే విడమరిచి చెప్పాను. జ్ఞానప్రకాశం గారి కళ్ళు మెరిశాయి.

"అయితే ఇది కొండమీదే జనించిన చెత్త! అయ్యా, ఉద్యమం మొదలైన తర్వాత కొండపై నిజముగా పుట్టిన మొట్టమొదటి చెత్త ఇదే. మిగిలినదంతా..." అని ఆగి, గంగులమ్మ వదిన వైపు చూసి గొంతు సవరించుకున్నారు. "తడి చెత్త విభాగములో చేర్చవచ్చును."

"ఒకరు మోసుకొని వచ్చినది గనుక సామాను క్రింద వచ్చును," అన్నారు కోదండపాణి గారు.

"కారుచున్నది. సామాను కారదు."

"సంచి పరీక్షలో సామానుగా పోసిన నీళ్ళు కారినవి కదా?"

వాళ్ళు అలా వాదించుకుంటుంటే ఓబుళమ్మత్త దూడను మళ్ళీ మెడకెత్తుకుని ఊరివైపు తిరిగింది. ఆమె దాటగానే గేటు అడ్డం వేశారు. ఆవు అవతల, ఆమె ఇవతల. పాలు సగం తాగిన దూడ మెడమీద అరుస్తోంది. ప్రత్యేకాధికారి గారు చెయ్యెత్తి అందరినీ ఊరుకోబెట్టి, తానే దగ్గరికొచ్చారు. మంచి మాటతో పోయేదానికి గొడవెందుకని ఆయన అభిప్రాయం.

"చూడమ్మా, నిన్ను ఇబ్బంది పెట్టుట మా ఉద్దేశము కాదు. ప్రభుత్వము వారి సంచి ఖాళీగా ఉన్నది. ఆ మూటలోని చెత్తను ఇందులో వేసి, ఒక ఫోటో దిగి, నీ ఆవును తోలుకొని పొమ్ము."

ఓబుళమ్మత్త మూటను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"చెత్త కాదు సామీ. ఇదీ సంచే. తొమ్మిది నెల్లు ఒక పానాన్ని మోసి పొద్దన దించింది. మీ సంచి ఏం మోసింది?"